పాప గోళ్ళ జబ్బుకు మలేరియా మాత్ర వేయొచ్చా?

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి పాపకు ఏడేళ్ళు. ఏడాది నిండకముందే ఇరవై గోళ్ళూ దళసరెక్కి, గోధుమరంగుకు తిరిగి, కొసల దగ్గర పైకి లేచాయి. నడక వచ్చాక అరికాళ్ళలో ఆనెలు కట్టాయి, వాటి కింద బొబ్బలు. ఇప్పుడు బడిలో ప్రార్థన అయ్యేదాకా నిలబడలేక ఏడుస్తోంది. మీవారిదీ చిన్నప్పటి నుంచి ఇదే బాధ. జన్యు పరీక్షలో కేఆర్‌టీ6ఏ అనే జన్యువులో మార్పు ఉందనీ, జబ్బు పేరు పాకియోనీకియా కంజెనిటా అనీ తేలింది. ఇలాంటి వంశపారంపర్య గోళ్ళ, చర్మ జబ్బులకు మలేరియా మందులు వాడతారని మీ మరిది ఎక్కడో చదివి చెప్పారు. మీ అత్తగారు కీళ్ళవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు ఇంట్లోనే ఉంది. రోజూ సగం మాత్ర పాపకు ఇవ్వొచ్చా, రెండేళ్ళ చిన్నవాడికి కూడా ఈ జబ్బు వస్తుందా అని అడిగారు.

మాత్ర ఇవ్వొద్దు. ఒకవేళ మొదలుపెట్టి ఉంటే ఈరోజే ఆపేయండి, ఎన్ని రోజులు ఎంత ఇచ్చారో మీ చర్మవైద్యులకు దాచకుండా చెప్పండి.

అయితే మీ మరిది చదివినదాన్ని ఉత్త పుకారని కొట్టిపారేయను. మలేరియా మందులకు చర్మవైద్యంలో నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. వంశపారంపర్యంగా రాగల ఒక చర్మరోగానికి అవి నిజంగానే ముందు వరసలో నిలిచే చికిత్స. అక్కడ ఎందుకు పనిచేస్తాయో తెలిస్తే మీ పాప విషయంలో ఎందుకు పనిచేయవో తేలిగ్గా అర్థమవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1894లో లండన్‌లో పేన్ అనే వైద్యుడు లూపస్ అనే చర్మరోగానికి క్వినైన్ ఇచ్చి చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మలేరియా రాకుండా సైనికులకు మెపాక్రిన్ మాత్రలు ఇచ్చారు. అవి వాడినవాళ్ళ ఒళ్ళు పసుపు పూసినట్టు పచ్చబడేది. 1951లో పేజ్ అనే వైద్యుడు అదే మెపాక్రిన్‌ను 18 మంది లూపస్ రోగులకు ఇచ్చి, వచ్చిన ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అప్పటి నుంచి చర్మవైద్యులు ఈ మందుల జాతిని వదల్లేదు. క్లోరోక్విన్ 1934లో జర్మనీలో తయారైంది. దానికి చిన్న మార్పు చేసి తెచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ 1950ల మధ్య నుంచి వాడుకలో ఉంది. మన దేశంలో 2014 నుంచి దీన్ని షుగరుకు కూడా రాస్తున్నారు కాబట్టి మన ఇళ్ళలో ఈ మాత్రల అట్టలు కనిపించడం మామూలైపోయింది. 2020లో కోవిడ్ మొదట్లో జనం ఎగబడి కొంటే, రోజూ దాని మీదే బతికే లూపస్ రోగులు మందుల షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఒక జబ్బు మందును ఇంకో జబ్బుకు ఇష్టం వచ్చినట్టు వాడితే నష్టపోయేది ఎవరో అప్పుడు అందరం చూశాం.

ఈ మందు ఒంట్లో చేసే పని గురించి చెబుతాను. మన కణాల్లో పాతబడ్డ సరుకును కరిగించే చిన్న ఆమ్లపు సంచులుంటాయి, వాటిని లైసోసోములంటారు. క్లోరోక్విన్ జాతి మందులు అందులోకి చేరి పేరుకుని, ఆ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. దాంతో రోగనిరోధక కణాలకు అందే కొన్ని హెచ్చరిక సంకేతాలు మందగిస్తాయి. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత చర్మం మీదే దాడి చేసే జబ్బుల్లో, ఎండ తగిలితే రేగే కొన్ని జబ్బుల్లో ఇది మేలు చేస్తుంది. లూపస్‌లో అందుకే పనికొస్తుంది, మీ అత్తగారి కీళ్ళకూ అందుకే పనికొస్తోంది.

ఇక వంశపారంపర్యంగా రాగల ఆ జబ్బు పేరు పోర్ఫిరియా క్యుటానియా టార్డా. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం తయారయ్యే దారిలో యూరోడీ అనే ఎంజైము ఒకటుంది. కాలేయంలో దాని పని బాగా తగ్గితే, హీమ్‌గా మారాల్సిన పోర్ఫిరిన్లు అనే పదార్థాలు పేరుకుని చర్మంలోకి చేరతాయి. వాటికి ఎండ తగిలితే చేతుల వెనక చర్మం చిన్న దెబ్బకే ఊడిపోతుంది, బొబ్బలొస్తాయి, మానిన చోట తెల్లటి గింజల్లాంటివి మిగులుతాయి. ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మూత్రం చిక్కటి టీ రంగులో వస్తుంది. కొందరికి ఎండ వల్ల గోళ్ళు కూడా అడుగు నుంచి విడిపోతాయి. దాదాపు ఐదుగురు రోగుల్లో ఒకరికి ఈ లోపం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. మిగతావాళ్ళకు వంశంలో ఏమీ ఉండదు. ఎవరికైనా సరే జబ్బును బయటపెట్టేవి మద్యం, హెపటైటిస్ సి, ఈస్ట్రోజెన్ మాత్రలు, కాలేయంలో ఎక్కువైన ఇనుము లాంటివి. 1950ల చివర టర్కీలో విత్తనానికని మందు కలిపిన గోధుమలు తిండిలోకి వెళ్ళి, వేలమందికి ఇలాంటి జబ్బే వచ్చింది. ఆ మందు పేరు హెక్సాక్లోరోబెంజీన్.

ఈ పోర్ఫిరియాకు చికిత్స రెండు దారుల్లో ఉంది. మొదటిది రక్తాన్ని రెండు వారాలకోసారి తీసి ఇనుమును తగ్గించడం. రెండోది హైడ్రాక్సీక్లోరోక్విన్, అదీ వారానికి రెండుసార్లు 100 మిల్లీగ్రాములు మాత్రమే. ఇక్కడ మందు చేసే పని రోగనిరోధకతకు సంబంధించింది కాదు. కాలేయంలో పేరుకున్న పోర్ఫిరిన్లను పట్టుకుని మూత్రంలోకి పంపేస్తుంది. ఎన్నో నెలల్లో నెమ్మదిగా జరగాల్సిన పని ఇది. తొందరపడి లూపస్‌కు ఇచ్చే మోతాదు ఇస్తే పోర్ఫిరిన్లన్నీ ఒక్కసారిగా బయటపడి జ్వరం, వాంతులు, కాలేయానికి తీవ్రమైన దెబ్బ. 1950ల్లో వైద్యులు అది కళ్ళారా చూశాకే మోతాదును ఇంతలా తగ్గించారు. ఇదే కుటుంబానికి చెందిన ఎరిత్రోపోయిటిక్ ప్రోటోపోర్ఫిరియాలో మాత్రం ఈ మందు పనిచేయదు. అక్కడ పేరుకునే పదార్థం నీళ్ళలో కరగదు, మూత్రం గుండా పోదు. పేరులో పోర్ఫిరియా అని ఉన్నంత మాత్రాన మందు ఒకటే కానప్పుడు, "అరుదైన వంశపారంపర్య జబ్బులు" అని గుంపుగా కట్టి ఒకే మాత్ర చెప్పడం ఎంత పొరపాటో ఆలోచించండి.

వేళ్ళు, గోళ్ళ చుట్టూ చలికి నీలం ఎరుపు కలిసిన నొప్పి పుండ్లు వచ్చే ఫ్యామిలియల్ చిల్‌బ్లెయిన్ లూపస్ అనేది ఇంకొకటుంది. ట్రెక్స్1 లాంటి జన్యువుల్లో లోపం వల్ల రోగనిరోధకత అదుపు తప్పి వచ్చే జబ్బు కాబట్టి అక్కడ కొందరికి ఈ మందు ఇస్తారు, ఫలితం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మీ మరిది చదివింది ఇలాంటి జబ్బుల గురించి అయుండొచ్చు.

ఇప్పుడు మీ పాప సంగతికి వద్దాం. పాకియోనీకియాలో రోగనిరోధకత తప్పేమీ లేదు, పోర్ఫిరిన్ల పేరుకుపోవడమూ లేదు. చర్మకణం లోపల కెరాటిన్ పోగులు అల్లుకుని దానికి గట్టితనాన్నిస్తాయి. గోళ్ళ అడుగున, అరికాళ్ళలో, నోట్లో కెరాటిన్ 6, 16, 17 అనే రకాలు జతలు జతలుగా కలిసి ఆ పోగులవుతాయి. ఈ రకాల జన్యువుల్లో ఏ ఒక్కదానిలోనైనా మార్పు వస్తే తయారైన పోగు మొత్తం బలహీనమవుతుంది. పందిరికి వేసిన గుంజల్లో ఒకటి పుచ్చినదైతే మిగతావి ఎంత గట్టివైనా బరువు పడగానే పందిరి ఒరిగినట్టే. నడిచినప్పుడు పడే ఒత్తిడికి అరికాలి కణాలు చిట్లి బొబ్బలవుతాయి. ఆ దెబ్బను తట్టుకోవడానికి చర్మం ఇంకా మందంగా పెరిగి ఆనెలు కడుతుంది. తప్పుగా తయారవుతున్న ఆ పోగును క్లోరోక్విన్ సరిచేయలేదు, దాని తయారీని తగ్గించనూ లేదు.

పైగా ఈ జబ్బు మీద పరిశోధకులు పరీక్షిస్తున్న సిరోలిమస్ అనే మందు పనిచేసే తీరు వేరు. అది కెరాటిన్ 6ఏ తయారీని తగ్గిస్తుంది, కణం తన పాత సరుకును తానే శుభ్రం చేసుకునే ఆటోఫజీ అనే పనిని పెంచుతుంది. క్లోరోక్విన్ ఆ శుభ్రతను చివరి మెట్టు దగ్గర ఆపేస్తుంది. ఒకటి ఎడమకు లాగితే ఇంకోటి కుడికి లాగుతుంది. కాబట్టి "పోనీ, మేలు చేయకపోయినా కీడు చేయదులే" అనే ధీమాతో ప్రయత్నించదగ్గ మందు కూడా కాదిది.

కీడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో రెండేళ్ళ పిల్లవాడున్నాడు. ఈ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఆ వయసు పిల్లలు ఒకటి రెండు మింగినా ప్రాణం మీదికి రావొచ్చు. గుండె లయ తప్పడం, ఫిట్స్, శ్వాస ఆగడం గంట రెండు గంటల్లోనే జరగొచ్చు. మీ అత్తగారి మందుల డబ్బా ఈరోజే తాళం వేసే బీరువాలోకి మార్చండి. ఎప్పుడైనా వాడు మింగాడన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు, లక్షణాల కోసం ఎదురుచూడడం వద్దు. మాత్రల అట్ట చేతపట్టుకుని నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.

పెద్దవాళ్ళకు సరైన జబ్బుకు సరైన మోతాదులో ఇస్తే ఇది మంచి మందే. రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కంటి రెటీనాను పాడుచేసే ప్రమాదం ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది కనుక మొదటి ఏడాదిలోనే ఒకసారి, ఐదేళ్ళు దాటాక ఏటా కంటి పరీక్ష చేయించాలి. అత్తగారికి ఆ పరీక్షలు జరిగాయో లేదో కనుక్కోండి. నేను రాసింది చదివి భయపడి ఆవిడ మందు ఆపేయొద్దు, కీళ్ళు మళ్ళీ రేగుతాయి. ఇంకో సంగతి. ఎక్కువకాలం వాడితే ఈ మందులు గోళ్ళ మీద నీలం, గోధుమ రంగు చారలు తెస్తాయి, పిక్కల ముందు భాగంలో చర్మం నల్లబడుతుంది. గోళ్ళ జబ్బుకని ఇచ్చి గోళ్ళ రంగు చెడగొట్టుకోవడం గోరుచుట్టు మీద రోకటిపోటే అవుతుంది.

మరి పాపకు ఏం చేయాలి? ఈ జబ్బును పూర్తిగా నయంచేసే మందు ఇప్పటికి లేదు. కానీ నొప్పిని తగ్గించి పిల్లను నడిపించే మార్గాలు చాలానే ఉన్నాయి. ఈ జబ్బున్న కుటుంబాలకు నేను ఎక్కువసేపు చెప్పేది వీటి గురించే.

మొదటిది, అరికాలి మీద భారం తగ్గించడం. నిలబడే పనులన్నీ ఒక్కొక్కటిగా తీసేయండి. ప్రార్థనలో పాపను కూర్చోనివ్వమని, ఆటల పీరియడ్‌లో బలవంతం చేయొద్దని బడికి వైద్యుల చేత ఉత్తరం రాయించి ఇవ్వండి. బిగుతైన నల్ల బూట్లు వద్దు. మెత్తని అడుగు, వెడల్పు ముందుభాగం, గాలి ఆడే చెప్పులు కావాలి. చెమట ఈ జబ్బుకు శత్రువు. మన ఎండాకాలంలో బొబ్బలు ఎక్కువయ్యేది అందుకే. చెమట పీల్చే సాక్సులు రెండు జతలు బడికి పంపి మధ్యాహ్నం మార్చుకోమనండి. గుడిలో ఎర్రటి ఎండలో రాతి నేల మీద ఒట్టికాళ్ళతో ప్రదక్షిణలు చేయించకండి. ఇంట్లో బాగా నొప్పి ఉన్న రోజున పాప పాకుతూ తిరిగితే తిట్టకండి, ఆ పిల్ల తన నొప్పికి తనే దారి వెతుక్కుంటోంది.

రెండోది ఆనెల సంరక్షణ. గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, మెత్తని రాయితోనో ఆకురాయితోనో నెమ్మదిగా పైపొర అరగదీయాలి. అంతా ఒక్కరోజే తీసేయాలని చూడొద్దు. మరీ పలచగా తీస్తే నొప్పి రెట్టింపవుతుంది. ఎంతవరకు తీయాలో పాపే చెబుతుంది, ఆమె మాట వినండి. తర్వాత యూరియా ఉన్న క్రీము రాయండి, ఎంత శాతం వాడాలో వైద్యులు చెబుతారు. షాపుల్లో దొరికే కార్న్ క్యాప్‌లు మాత్రం పిల్లల కాలికి అంటించొద్దు. అందులో సాలిసిలిక్ ఆమ్లం గాఢంగా ఉంటుంది, పక్కనున్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. ఇంట్లో బ్లేడుతో కోయడం అంతకంటే చెడ్డది. బొబ్బ బాగా ఉబ్బి నొప్పి పుడితే శుభ్రమైన సూదితో నీరు తీసి పై పొరను అలాగే ఉంచడం ఎలాగో మీ వైద్యుల దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. కాలు ఎర్రబడి, చీము పట్టి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా చూపించండి.

గోళ్ళను నానబెట్టి ఆకురాయితో అరగదీయొచ్చు, పెద్దవాళ్ళయితే చిన్న గ్రైండరు వాడుకుంటారు. ఆపరేషన్ చేసి గోళ్ళు పీకించుకున్నవాళ్ళకు ఎక్కువగా మళ్ళీ అదే దళసరితో పెరుగుతాయి, ఆ నొప్పి దండగే. ఇంకొకటి, ఈ గోళ్ళను చూడగానే ఫంగస్ అనుకుని నెలల తరబడి మాత్రలు రాయడం చాలా చోట్ల జరుగుతుంది. గోరు పొడిని పరీక్షకు పంపి ఫంగస్ ఉందని తేలితేనే ఆ మాత్రలు మింగించండి.

కేఆర్‌టీ6ఏ ఉన్న పిల్లల్లో కొందరికి అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టగానే చెవి దగ్గర, దవడ దగ్గర కొన్ని క్షణాలు భరించలేని నొప్పి వస్తుంది. చెవిపోటనుకుని యాంటీబయాటిక్స్ ఇస్తారు. పాప భోజనానికి మొండికేస్తుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్ల పూత కూడా ఈ జబ్బులో భాగమే.

మందుల విషయానికొస్తే, అరికాలిలో బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లు చెమటను ఆపి, బొబ్బలను తగ్గించి కొందరికి నెలల తరబడి ఉపశమనం ఇచ్చాయి. కాలికి మత్తు ఇచ్చి చేయాల్సినవి కనుక అనుభవమున్న చోటే చేయించాలి. పాపకంటే ముందు మీవారికి ఇది పనికొస్తుందేమో అడగండి. అసిట్రెటిన్ లాంటి రెటినాయిడ్ మాత్రలు ఆనెలను పలచన చేస్తాయి, కానీ కొందరికి దానివల్లే నొప్పి పెరుగుతుంది. గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్ళు ఆ మాత్ర మానేశాక కూడా మూడేళ్ళు గర్భం దాల్చకూడదు. అందుకని పెరుగుతున్న ఆడపిల్లకు దాన్ని మొదలుపెట్టే ముందు బాగా ఆలోచించాలి. నొప్పిలో నరాల పాలు కూడా ఉంటే దానికి వేరే మందులున్నాయి, మంటగా సూదులు గుచ్చినట్టు ఉంటుందని పాప చెబితే వైద్యుల చెవిన వేయండి. సిరోలిమస్ పూత, లోపమున్న జన్యువును మాత్రమే అణిచే మందులు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో పాకియోనీకియా కంజెనిటా ప్రాజెక్ట్ అనే సంస్థ ప్రపంచమంతటి రోగుల నమోదు పట్టిక నడుపుతోంది. మీ పాప పేరు అందులో నమోదైతే కొత్త ప్రయోగాల సమాచారం మీ దాకా వస్తుంది. తప్పకుండా రాయండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను బాధపెట్టింది. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారని, గ్రహణం నాడు మీరు బయటికి వెళ్ళారని కూడా ఎత్తిపొడుస్తున్నారని రాశారు. రెండూ తప్పే. మేనరికాల్లో ఎక్కువగా బయటపడేవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలు కలిస్తే వచ్చే జబ్బులు. పాకియోనీకియా అలాంటిది కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి లోపమున్న జన్యువు వస్తే చాలు, జబ్బు వస్తుంది. మీవారికి ఉంది కనుక ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, ఆయన ఎవరిని చేసుకున్నా అంతే. దీనికి గ్రహణంతోనూ మీతోనూ ఏ సంబంధం లేదు. మీవారు కూడా తన వల్లే వచ్చిందని కుమిలిపోతుంటే, చాలా కుటుంబాల్లో ఇది ఎవరికీ లేకుండా కొత్తగా కూడా పుడుతుందని, ఎవరూ కోరి ఇచ్చేది కాదని చెప్పండి. ఈ పేరా మీ అత్తగారికి చదివి వినిపించినా మంచిదే.

చిన్నవాడి గురించి. కేఆర్‌టీ6ఏ రకంలో గోళ్ళ మార్పు ఎక్కువమందికి మొదటి ఏడాదిలోనే కనిపిస్తుంది. రెండేళ్ళు నిండినా వాడి గోళ్ళు, నాలుక మామూలుగా ఉన్నాయంటే తప్పించుకున్న సూచనలే ఎక్కువ. ఖాయంగా తెలియాలంటే, పాపలో దొరికిన మార్పునే వాడి రక్తంలో వెతికితే సరిపోతుంది, మొత్తం పరీక్షలు మళ్ళీ చేయనక్కర్లేదు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి జెనెటిక్స్ విభాగం, దానితో కలిసి సీడీఎఫ్‌డీ సంస్థ, 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల్లో ఉన్నాయి. అక్కడ జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్ళేటప్పుడు పాప జన్యు పరీక్ష నివేదిక అసలు ప్రతి, మీవారి కాళ్ళూ గోళ్ళ ఫోటోలు తీసుకెళ్ళండి. మూడో బిడ్డ ఆలోచన ఉంటే ఆ సంగతి కూడా గర్భం రాకముందే అక్కడ మాట్లాడండి.